గొడుగుల ఫ్యాక్టరీలో చొక్కా పాఠం

మా మేనమామ ఇంట్లో గిన్నె జారిపడితే చాలు, మర్నాడు ఫ్యాక్టరీలో ఒక మేనేజ్‌మెంట్ సూత్రం పుట్టేది. ఆయన గొడుగుల ఫ్యాక్టరీకి మేనేజరు. నేనూ అక్కడే ఫోన్లు అందుకునేదాన్ని కాబట్టి ఆ సూత్రాలన్నీ వేడివేడిగా విన్నాను. పొద్దున్నే అందరినీ నిలబెట్టి, గొంతు సవరించుకుని, "ఇవాళ మా ఇంట్లో ఏం జరిగిందంటే..." అని మొదలుపెట్టాడంటే దేవుడు దిగొచ్చినా ఆగేవాడు కాదు.

"మా ఆవిడ కూరలో ఉప్పేసింది. వేయలేదనుకుని నేనూ వేశాను. నోట్లో పెడితే సముద్రం! అంచేత ఎవరి పని అయిపోగానే వాళ్ళు గట్టిగా చెప్పాలి."

ఆ రోజు నుంచీ స్టోర్ కీపరు ఏ పని ముగించినా "ఉప్పేశానండోయ్!" అని కేక పెట్టేవాడు. సరుకు కొనడానికి వచ్చినవాళ్ళు బయటికి వెళ్ళి బోర్డు మళ్ళీ చదువుకునేవారు.

ఇంకోసారి దుప్పటి పాఠం. "తలకి లాగితే కాళ్ళు బయట, కాళ్ళకి లాగితే తల బయట. ఉన్న నలుగురినే అటూ ఇటూ లాగితే పనీ అంతే."

"అయితే ఇంకో దుప్పటి కొనండి సార్" అన్నాడు స్టోర్ కీపరు. మామయ్య నిజంగానే ఇంకో మనిషిని పనిలోకి తీసుకున్నాడు.

ఒక సాయంత్రం మాత్రం మా నవ్వులు ఆగిపోయాయి. ఓ హోటలుకి పంపాల్సిన గొడుగులన్నిటికీ గుడ్డ తిరగబడింది. పైకి కనబడాల్సిన హోటలు పేరు లోపలికి పోయింది. కుట్టింది మా అందరిలోకీ పెద్దదైన టైలరక్క. ఆమె సంపాదన మీదే ఇల్లంతా నడుస్తోంది. యజమాని ఫోనులో నిప్పులు కక్కాడు.

"పొద్దున్నే వస్తున్నా. కుట్టినవాళ్ళని అందరి ముందూ నిలబెట్టి ఇంటికి పంపించాలి!"

టైలరక్క మిషను మీద తల వాల్చి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

మర్నాడు యజమాని మూతి బిగించుకుని కూర్చున్నాడు. మామయ్య వచ్చాడు, చొక్కా తిరగేసుకుని! కుట్లన్నీ బయటికి, జేబు లోపలికి. పెన్ను చేత్తో పట్టుకుని జేబు కోసం గుండెంతా తడుముకుంటున్నాడు. మాకు నవ్వాగలేదు.

"ఇవాళ మా ఇంట్లో ఏం జరిగిందంటే, చొక్కా తిరగేసి తొడుక్కున్నాను. మా ఆవిడ చూసింది, పక్కింటాయన చూశాడు, బస్సు నిండా జనం చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఇది నా ఒక్కడి తప్పేనా? గొడుగైనా అంతే. కుట్టాక తనిఖీ, మడత, ప్యాకింగు. ఇన్ని చేతులు దాటొచ్చిందంటే తప్పు ఒక్కరిది కాదు. అందరి మీదా కన్నేసి ఉంచాల్సింది నేను. ఇంటికి పంపాలంటే మొదట నన్ను పంపండి."

యజమాని ఆయన్ని ఎగాదిగా చూశాడు. బిగించిన మూతి వణికింది. చివరికి పకపకా నవ్వేశాడు.

"ముందు ఆ చొక్కా సరిచేసుకోవయ్యా బాబూ! తర్వాత అందరూ కూర్చుని ఆ గొడుగులు విప్పి కుట్టండి. ఎవర్నీ ఎక్కడికీ పంపక్కర్లేదు."

అందరం కూర్చున్నాం. మామయ్య కుట్లు విప్పే ఉత్సాహంలో తన చొక్కా చెయ్యి కూడా విప్పేసుకున్నాడు. టైలరక్క ఏడుపు మరిచిపోయి ఆయన్ని కోప్పడింది.

సాయంత్రం నేను తిన్నగా వాళ్ళింటికెళ్ళి అత్తయ్యని దులిపేశాను. "చొక్కా తిరగేసుంటే చెప్పొద్దా అత్తయ్యా?"

"తిరగెయ్యడమేమిటే? గుండీలు నేనే పెట్టి పంపితేనూ!"

"మరి కూరలో ఉప్పు?"

"ఆయన్ని నేను వంటింటి గడప తొక్కనిస్తేగా!"

అప్పుడు వెలిగింది నాకు. ఉప్పు పాఠానికి ముందురోజు ఇద్దరు గుమాస్తాలు ఒకే సరుకు ఒకే దుకాణానికి చెరోసారి పంపారు. వాళ్ళనెవరూ వేలెత్తి చూపలేదు. అందరం మామయ్య ఉప్పు గురించే నవ్వుకున్నాం. ఆయన మీద ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

"ఎందుకు మామయ్యా ఇన్ని అబద్ధాలు?" అని అప్పుడే గదిలోంచి వచ్చిన ఆయన్ని నిలదీశాను.

ఆయన సిగ్గుపడి చెవి గోక్కున్నాడు. "తప్పు జరిగాక ఎవరిదో ఒకరి పరువు పోవాలి కదే. నాదెలాగూ పాతబడిపోయింది, పోనీ అనుకున్నా."

"మీది పోతే పోయింది, మధ్యలో నాదెందుకు?" అంది అత్తయ్య, ఊడిన చొక్కా చేతికి సూదిలో దారం ఎక్కిస్తూ. "రేపు ఎవరు ఏం చెడగొట్టబోతున్నారో ముందే చెప్పండి. అందుకు తగ్గ బట్టలు తీసి పెడతాను."