బాలమ్మ పెద్దమ్మ కొట్టం

మొన్న తెల్లాపూర్ దాటుతుంటే గేదెల మంద ఒకటి రోడ్డుకు అడ్డం వచ్చింది. ముందున్న కార్లవాళ్లంతా హారన్లు కొట్టి, అద్దాలు పైకెత్తుకున్నారు. నేను దింపుకున్నాను. పేడ, పచ్చిగడ్డి, పాలు కలగలిసిన ఆ వాసన తగలగానే బాలమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆ వాసనకు మొహం చిట్లించేవాళ్లను చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్ల తప్పేముందిలెండి, వాళ్లు ఆమెను చూడలేదు.

తొంభైల చివర్లో మాదాపూర్‌లో ఆమె ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. గుంటూరులో ఎమ్మెస్సీ లెక్కలు చదివి, హైదరాబాదు వచ్చి కంప్యూటర్ కోర్సు చేశాను. ఎందుకూ అంటే, అందరూ చేస్తున్నారు కనుక. మా ఇంటికి కూతవేటు దూరంలో బండలు పేల్చి పెద్ద ఆఫీసు భవనాలు కడుతున్నారు. అక్కడే పెద్దమ్మ వాళ్ల పొలం ఉండేదట. కొడుకులు దాన్ని అమ్మి మేడ కట్టారు. ఆమెకు మిగిలింది ఇంటి వెనక రేకుల కొట్టం, అందులో ఒక్క బర్రె.

ఒకరోజు ఇంటర్వ్యూ నుంచి వచ్చి మెట్లమీద కూర్చుని ఏడుస్తున్నాను. పెద్దమ్మ గడ్డిమోపు దించి పక్కన కూర్చుంది.

"ఏమడిగిండ్రు బిడ్డా?"

"జీవితంలో ఏం చేయాలనుకుంటున్నావని అడిగారు పెద్దమ్మా. నాకే తెలియదు, వాళ్లకేం చెప్పను?"

ఓదారుస్తుందనుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "నన్నడిగితే నేనేం చెప్తుంటి? పొలమున్నన్ని దినాలు నన్నెవ్వలు అడగలే. తెల్లారితే పని ఉండె" అంది. ఆ మాటకు నా ఏడుపు ఆగిపోయింది. నాకొక్కదానికే పట్టిన తెగులు కాదన్నమాట.

ఆ ఎండాకాలంలో బర్రె కూడా పోయింది. మేత దొరకడం లేదని, వాసనకు కిరాయిదార్లు రావడం లేదని కొడుకులు అమ్మేశారు. మర్నాడు తెల్లవారకముందే చూస్తే ఖాళీ కొట్టంలో పెద్దమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"ఇక్కడేం చేస్తున్నారు పెద్దమ్మా?"

"పాలు పిండే యాళ్లయింది. చేతులు గుంజుతున్నయ్. ఇగ నేనెందుకు లెవ్వాలె, చెప్పు?"

నేనూ ఆమె పక్కన చతికిలబడ్డాను. ఆ ఇంట్లో ఇద్దరు నిరుద్యోగులు తయారయ్యారు. కానీ నాకు వయసుంది, ఆమెకది లేదు. రోజురోజుకీ తిండి తగ్గించేసింది. ఇలాగే కొట్టంలో కూర్చుని కూర్చుని పోతుందేమోనని నిజంగా భయపడ్డాను.

భవనం పనికి పోయే పాలమూరు కూలీలు మా బోరింగు దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లు. ఒక పొద్దున ఒక పిల్లతల్లి చంకలో బిడ్డతో బిందె ఎత్తలేక తంటాలు పడుతోంది.

"బిడ్డనేడ పండబెడ్తవ్?" అని కొట్టంలోంచే అడిగింది పెద్దమ్మ.

"ఆడనేనమ్మా, ఇసుక కుప్ప కాడ."

"బండలు పేలుస్తుండ్రు గదనే! ఈడ పండబెట్టి పో."

కసురుతున్నట్టే అంది. ఆ పిల్ల బిక్కుబిక్కుమంటూనే బిడ్డను అప్పజెప్పి వెళ్లింది. సాయంత్రం వచ్చేసరికి బిడ్డ స్నానం చేసి, కడుపునిండా పాలు తాగి, పాత చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. అంతే, మర్నాడు ముగ్గురొచ్చారు. ఆ తర్వాత వాళ్ల అక్కలు, అన్నలు కూడా వచ్చారు. కొడుకులు గొణిగారు. "నా కొట్టం, నా ఇష్టం" అంది పెద్దమ్మ. ఆ గొంతు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

నన్ను మాత్రం వదిలిందా? "ఖాళీగనే ఉన్నవ్ గదా, జర ఈ పెద్దపోరగాళ్లను చూడు" అంది. వాళ్లు కుదురుగా కూర్చోరు. వేరే దారిలేక చింతగింజలతో కూడికలు మొదలుపెట్టాను. ఎల్లేశు అనే వాడికి తీసివేత ఎంతకీ ఎక్కేది కాదు. ఉన్నవాటిలోంచి ఎందుకు తీసేయాలని వాడి గొడవ. ఒకరోజు అన్నం మర్చిపోయి వాడితో కుస్తీ పట్టాను. అది అర్థమైనప్పుడు వాడి మొహం చూసి నేను గట్టిగా నవ్వేశాను. హైదరాబాదు వచ్చాక అలా నవ్వడం అదే మొదలు.

వర్షాలు పడుతుండగా ఇంకో ఇంటర్వ్యూ వచ్చింది. మానేద్దామనుకుంటే పెద్దమ్మే తోసింది. "పో బిడ్డా. పోకుంటే రేపు నన్నే తిట్టుకుంటవ్."

తిరిగొచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమడిగిండ్రు?"

"మళ్లీ అదే ప్రశ్న."

"ఏం చెప్పినవ్?"

"పిల్లలకు లెక్కలు చెప్పాలని ఉందన్నాను."

"మరి నౌకరి ఇయ్యరు గదా."

"ఇవ్వరు పెద్దమ్మా."

"మంచిగైంది" అని చంకలో ఉన్న బిడ్డను నా చేతిలో పెట్టింది. "పట్టు, అన్నం వండాలె."

ఆమె పోయి చాలా ఏళ్లయింది. నేను బాచుపల్లిలో ఒక బడిలో లెక్కలు చెబుతున్నాను. పరీక్షల ముందు పెద్ద తరగతుల పిల్లలు వచ్చి, తమకేం కావాలో తమకే తెలియడం లేదని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. నేను ఉపన్యాసాలివ్వను. "ఒకటో తరగతి టీచరుకు చేతినిండా పనుందట, జర సాయం చేసి రా" అని పంపిస్తాను. కొందరు పది నిమిషాల్లో విసుక్కుంటూ తిరిగొస్తారు, వాళ్లను ఇంకో చోటికి పంపుతాను. ఒకరిద్దరు మాత్రం గంట కొట్టినా రారు. వాళ్లను నేను పిలవను.