ప్రార్థన హాల్లో నా స్టీల్ గిటార్

ముందే చెప్పేస్తున్నాను, నేను బట్టలు కుట్టను. మా ఉప్పల్ గల్లీలో సగం మంది నా దగ్గరున్నది కుట్టుమిషనే అనుకుంటారు. కాళ్ళ మీద నిలబెట్టిన బల్ల, దాని ముందు నేను, కింద పెడళ్ళు తొక్కుతూ, మోకాళ్ళు అటూ ఇటూ ఆడిస్తూ. కిటికీలోంచి చూసినవాళ్ళ తప్పేం లేదు. "అంకుల్, చీరకు ఫాల్ కుడ్తరా?" అని ఒకామె నిజంగానే అడిగింది. దాన్ని పెడల్ స్టీల్ గిటార్ అంటారమ్మా తల్లీ! బల్ల మీద పది తీగలుంటాయి. ఎడమచేత్తో ఇనుప కడ్డీ పట్టుకుని వాటి మీద జరపాలి, కుడిచేతి వేళ్ళకు ఇనుప గోళ్ళు తొడుక్కుని మీటాలి. పెడల్ తొక్కితే తీగ సాగి, స్వరం ఏడుస్తున్నట్టుగా పైకి పోతుంది. ఆ ఏడుపు విని నేను పడిపోయాను.

కోల్‌కతాలో ఎవరో పాతది అమ్ముతున్నారంటే రైల్లో తెప్పించుకున్నాను. పెడళ్ళ కింది సామాను సగం విరిగి దిగింది. నాకేం ఫికర్? అప్పట్లో నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో టూల్‌రూమ్ ఫిట్టర్‌ని. పాత బైకుల బ్రేకు రాడ్లు తెచ్చి, తుక్కు అల్యూమినియం కోసి, భోజనం వేళల్లో ఒక్కో ముక్కా ఆకురాయితో అరగదీసి బిగించుకున్నాను. దాన్ని మేడ మీద రేకుల గదిలో పెట్టాను. ఎండాకాలం మధ్యాహ్నానికి రేకులు కాలి తీగలు సడలేవి. ఎండను తిట్టుకుంటూ మళ్ళీ శృతి చేసుకునేవాణ్ణి.

ఈ గిటార్‌కు మెట్లుండవు. తీగల కింద గీతలుంటాయి గానీ అవి సుమారుగానే దారి చూపిస్తాయి. కడ్డీ సరిగ్గా ఎక్కడ ఆపాలో చెవే చెప్పాలి. నా చెవుల్నేమో టూల్‌రూమ్ పక్కనున్న రేకులను గుద్ది వంచే ప్రెస్సు షాపు మోత తినేసింది. దూది పెట్టుకోమంటే మేమంతా పకపకా నవ్వేవాళ్ళం. రిటైరయ్యాక దవాఖానాలో డాక్టరమ్మ పరీక్షచేసి, సన్నటి శబ్దాలు ఇక వినబడవని చెప్పింది. చెవి మిషను పెట్టుకుంటే నా గిటార్ రేకు డబ్బాలా మోగింది. మిషను తీసి బీరువాలో పడేశాను. పాట నా లోపల ఉంది కదా, చెవి పోతే పోయింది అనుకున్నాను.

నాకు మిగిలింది ఆదివారం ఒక్కటే. నాచారంలోని మా ప్రార్థన హాల్లో, స్టేజీకి ఎడమ మూలన, కీబోర్డు పక్కన నా చోటు. మిగతా రోజుల్లో ఎవరు ఏమంటున్నారో సగం అర్థం కాదు. అందరూ నవ్వాక నేనూ నవ్వుతాను. ఆ మూలలో కూర్చున్నప్పుడు మాత్రం నేనూ ఒక మనిషినే అనిపించేది. అది కూడా పోతే ఎట్లా బతకాలో నాకు తెలియదు. ఆ ఊహే రానిచ్చేవాణ్ణి కాదు.

ఒక ఆదివారం పొద్దున్నే వాన. ఆటో దొరక్క ఆలస్యమైంది. మా ఆవిడా నేనూ తడుస్తూ చేరాం. హడావుడిగా గిటార్ కాళ్ళు బిగించి, నా పాదాల దగ్గర నా ఒక్కడికే వినబడేలా పెట్టుకునే చిన్న స్పీకరుకు వైరు తగిలించి మొదలుపెట్టాను. పాటలన్నీ అయ్యాక వంగి చూస్తే, హాలు స్పీకర్లకు పోవాల్సిన రెండో వైరు చుట్ట చుట్టింది చుట్టినట్టే సంచిలో ఉంది. కీబోర్డు, డ్రమ్ముల హోరులో ఒక్కరికీ నా గిటార్ వినబడి ఉండదు. తప్పైందని చెప్పుకుందామని లేచేసరికి ముందు వరుసలోని ముసలామె వచ్చి నా చేతులు పట్టుకుంది.

"తమ్మీ, ఇయ్యాల గిటార్ మస్తుగ కొట్టినవ్. కండ్లల్ల నీళ్ళొచ్చినయ్."

వినబడని గిటార్‌కు కన్నీళ్ళెట్లా వచ్చాయి? హాలు వెనకాల సౌండు చూసుకునే అతని దగ్గరకు పోయాను.

"నా వైరే పెట్టలె. నీకు తెల్వలేదా?"

అతను మిషను మీది మీటలు సర్దుతున్నట్టు నటించాడు.

"ఏంది, నోరు పడిపోయిందా?"

"అంకుల్, ఏమనుకోకుండ్రి. మీ లైను ఈస్టర్ నుంచే బంద్ ఉంది."

"ఎవరు బంద్ జెయ్యమన్నరు?"

"ఆంటీ."

ఆంటీ అంటే మా ఆవిడ! ఆడవాళ్ళ వైపు ఆఖరి వరుసలో కూర్చుని, నేను వాయిస్తున్నంతసేపూ కళ్ళు మూసుకుని వినే మనిషి.

ఇంట్లో అడుగుపెట్టగానే ఆమె మీద పడ్డాను. "నన్ను బొమ్మను జేసి కూసోబెట్టినవా? ఊరంత నవ్వుకుంటున్నరా?"

ఆమె తడి కొంగు పిండుకుంటూ నిలబడింది. "నవ్వుతున్నరనే జేసిన. శృతి తప్పుతున్నది, దిగమని జెప్తం అన్నరు సంఘపోళ్ళు. నేనే బతిమాలిన. ఆయన గిటార్ వినబడకపోతె మానె, ఆడ కూసోనియ్యుండ్రి అన్న. నిన్ను దించితె నువ్వేమైతవో నాకు తెల్వదా?"

"నీకు సుత తప్పుతున్నట్టే వినబడ్డదా?"

"మస్తు దినాల సంది."

ఇంకా అరుద్దామనుకున్నాను గానీ సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్ళూ ఎంత గర్వంగా తల ఊపుతూ వాయించానో తలచుకుంటే ఇప్పటికీ ముఖం దాచుకోవాలనిపిస్తుంది. గిటార్ మీద దుప్పటి కప్పేశాను. వారమంతా ఆ గది తలుపు తీయలేదు.

శనివారం సాయంత్రం ఆమె ఆటోవాడికి ఫోన్ చేసి పొద్దున్నే రమ్మంది. నేను రానన్నాను. "గిటార్ నేను మొయ్యలేను, నువ్వే ఎత్తుకోవాలె" అంది, అంతే. తెల్లారి ఎందుకు లేచి తయారయ్యానో నాకే తెలియదు.

హాల్లో ఆమె ఆడవాళ్ళ వైపు పోలేదు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి, నా చిన్న స్పీకరుకు ఆనుకుని, నాకు ఎదురుగా కూర్చుంది. అందరూ చూస్తున్నారు. "పోయి నీ జాగల కూసో" అని కసురుకున్నాను. కదలలేదు.

పాట మొదలైంది. పై తీగల మీదికి రాగానే ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. కడ్డీని కొద్దిగా ఎడమకు జరిపాను. ముడి అలాగే ఉంది. ఇంకొంచెం జరిపాను. ముఖం తేటపడింది, తల చిన్నగా ఊపింది. మళ్ళీ ముడి, మళ్ళీ జరిపాను. పాట అయ్యేదాకా తీగల వంక చూడలేదు, ఆమె ముఖమే చూస్తూ వాయించాను. నేను సరిచేసుకున్న ఏ ఒక్క చోటా, జరపకముందు స్వరానికీ జరిపిన తర్వాతి స్వరానికీ తేడా నా చెవికి తెలియలేదు.