ఒ అంటే ఒడి

మా అమ్మకు ఈల వేయడం వచ్చని నాకు పెళ్ళయి, బిడ్డ పుట్టి, ఆ బిడ్డ అక్షరాలు దిద్దే వయసుకు వచ్చేదాకా తెలియదు.

మేముండేది ఢిల్లీలోని ద్వారకలో. వారంలో కొన్ని రోజులు నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటాను. ఆ రోజు డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని మీటింగులో ఉండగా సన్నగా, తిన్నగా ఒక ఈల వినిపించింది. గేటు దగ్గర గార్డు భయ్యా ఎవరి కారునో వెనక్కి తీయిస్తున్నాడనుకున్నాను. రెండోసారి వినిపించినప్పుడు అది మా పడకగదిలోంచేనని తెలిసింది. మైకు ఆపి, వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. అమ్మ మంచం మీద కూర్చుని, రెండు వేళ్ళు నాలుక కింద పెట్టుకుని ఈల వేస్తోంది. నా నాలుగేళ్ళ కూతురు నోరు తెరుచుకుని ఆమెనే చూస్తోంది.

"ఈ అంటే?" అంది అమ్మ, వేళ్ళు కొంగుకు తుడుచుకుంటూ.

"ఈల!" అని అరిచింది పాప. "అమ్మమ్మా, ఫిర్ సే! ఇంకోసారి!"

నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. ఇన్నేళ్ళు ఆమె కూతురిగా బతికాను, నాకోసం ఒక్కసారైనా ఈల వేయలేదే అనుకున్నాను. మీటింగులో నా పేరు పిలుస్తున్నారు. వెళ్ళి కూర్చున్నాను గానీ ఆ పూట ఎవరేం మాట్లాడారో నా తలకెక్కలేదు.

నేను పెరిగింది ఢిల్లీకే ఆ చివరనున్న మయూర్ విహార్‌లో. అమ్మ సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో గుమస్తా. పొద్దున్నే చార్టర్డ్ బస్సు ఎక్కితే దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేది. నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళం కాబట్టి మాట వచ్చింది. చదవడం, రాయడం రాలేదు. బళ్ళో హిందీ, ఇంగ్లీషు. నా పెళ్ళి శుభలేఖ కూడా విజయవాడలో పుట్టి పెరిగిన మా ఆయనే నాకు చదివి పెట్టాడు. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

నాన్న పోయాక కూడా అమ్మ అదే ఫ్లాట్‌లో ఒక్కతే ఉండేది. ఆమె రిటైరయిన చలికాలంలోనే పాపను ఉంచే క్రెష్ మూతపడింది. "నేనున్నాను కదే" అని అమ్మ ఒక సంచీ సర్దుకుని వచ్చింది. సోమవారం వచ్చి శుక్రవారం సాయంత్రం వెళ్ళిపోయేది. శని, ఆదివారాలు ఆమెకు తన మొక్కలు, తన స్నేహితులు ఉండాలి.

వచ్చిన మొదటి వారమే, పాప ఏమడిగినా హిందీలో బదులివ్వడం చూసి, "దీనికి అక్షరాలు నేను నేర్పుతాను" అంది. నేను సరేనన్నాను. పలకో, కాపీ పుస్తకమో తెచ్చి దిద్దిస్తుందనుకున్నాను. అలా చేసుంటే నాకు ఏ బాధా ఉండేది కాదు.

ఒక్కో అక్షరానికి ఒక్కో రోజు పెట్టింది. ఆ రోజు ఇంట్లో ఆ అక్షరానిదే రాజ్యం. 'అ' నాడు పళ్ళెం నిండా అటుకులు పరిచి పాప వేలు పట్టుకుని దిద్దించింది. దిద్దినంతసేపు దిద్ది, ఆ అటుకుల్లోనే అరటిపండు కలిపి తినిపించింది. 'ఆ' నాడు ఇద్దరూ అపార్టుమెంట్ల సొసైటీ పార్కంతా తిరిగి ఆకులేరుకొచ్చి హాల్లో నేల మీద పేర్చారు. సాయంత్రం మార్కెట్ దగ్గర తిరిగే ఆవుకు చపాతీ పెట్టి వచ్చారు. 'ఇ' నాడు పక్కన కడుతున్న బిల్డింగు దగ్గర్నుంచి బకెట్‌తో ఇసుక వచ్చింది. 'ఋ' నాడైతే అమ్మ దూదితో గడ్డం పెట్టుకుని ఋషిలా బాల్కనీలో కళ్ళు మూసుకుని కూర్చుంది. పాప ఆమె చుట్టూ తిరుగుతూ ఆ గడ్డం పీకుతూనే ఉంది. కళ్ళు తెరవకుండానే అమ్మ దాన్ని శపిస్తున్నట్టు చెయ్యెత్తేది. పాప కిలకిలా నవ్వేది.

ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను, మా అమ్మ ఎంత బాగా నేర్పుతోందో అని. ఫొటోలు చూపించాను. చూపిస్తున్నప్పుడల్లా లోపల ఒక ముల్లు కదిలేది. ఈ మనిషి ఇన్నాళ్ళూ ఎక్కడుంది? నేను ఎరిగిన అమ్మ మాట్లాడితే 'త్వరగా' అనేది. త్వరగా తిను, త్వరగా పడుకో, త్వరగా చెప్పు. ఈవిడకేమో ఒక అక్షరం కోసం రోజంతా ఉంది.

'ఎ' నాడు ఎండ. మబ్బు విడిచిన జనవరి పొద్దున అమ్మ బాల్కనీలో చాప పరిచి, పాపకు కొబ్బరినూనె రాస్తూ కూర్చుంది. నేను టీ కప్పుతో వెళ్ళి చాప అంచున కూర్చోబోయాను. "నీడ పడుతోంది, కాస్త అటు జరగవే" అంది అమ్మ. మామూలు మాటే. నేను లేచి లోపలికి వచ్చేశాను.

రాత్రి ఆ సంగతి మా ఆయనతో అన్నాను. అతను గుర్‌గావ్ ఆఫీసు నుంచి అలసిపోయి వస్తాడు. షూ విప్పుకుంటూ విన్నాడు.

"సొంత కూతురి మీద కుళ్ళుకునే తల్లిని ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు.

"కుళ్ళు కాదు."

"మరేంటి?"

అన్నం వడ్డించడానికి వంటింట్లోకి వెళ్ళాను.

ఆ శనివారం అమ్మ లేదు. 'ఏ' నేను నేర్పుదామనుకున్నాను. బూడిద రంగు క్లే కొన్నాను. ఫోన్‌లో అక్షరం చూసి, అట్టముక్క మీద పెద్దగా రాసి గోడకు అంటించాను. పాపను కూర్చోబెట్టి, "ఏ అంటే ఏనుగు, రా, ఏనుగు చేద్దాం" అన్నాను. పాప క్లే ముట్టుకోలేదు. గోడ వైపు చూసింది.

"మమ్మా, యే తో ఎ హై. ఇది ఎ."

"కాదమ్మా, ఏ."

"నహీ!" అని లేచి వెళ్ళి, అక్షరం పైన వేలితో సున్నితంగా ఒక గీత గీసింది. "ఏకి ఇక్కడ ఉంటుంది. నువ్వు పెట్టలేదు."

ఫోన్ తీసి చూశాను. పాప చెప్పిందే నిజం. నాలుగేళ్ళ పిల్ల నా తప్పు దిద్ది, తన పని తను చూసుకోవడానికి బొమ్మల దగ్గరికి వెళ్ళిపోయింది. దానికి తెలుగు వస్తోందన్న సంతోషం నాకు కలిగిందా అంటే, కలిగింది. కానీ ఆ క్లే ముద్ద చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడు ముందుగా కలిగింది మాత్రం అది కాదు.

తర్వాతి వారం 'ఒ' వచ్చింది. నేను ఇంట్లోనే ఉన్నాను. చెవుల్లో ఆఫీసు కాల్ నడుస్తున్నా వీళ్ళ మాటలే వినిపిస్తున్నాయి.

"ఒ అంటే ఒడి" అంది అమ్మ.

"ఒడి క్యా హోతా హై?"

"ఇదిగో, ఇది." అమ్మ తొడ మీద చరిచిన చప్పుడు.

"అచ్ఛా, గోదీ!"

"గోదీ కాదు, ఒడి. ఎక్కు. ఇవాళంతా నువ్వు కింద కాలు పెట్టకూడదు."

నిజంగానే పెట్టనివ్వలేదు. మోకాళ్ళ నొప్పులకు మందులు మింగే మనిషి, పొద్దుటి నుంచి సోఫాలో పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అక్కడే తల దువ్వింది, అక్కడే అన్నం తినిపించింది. తన అరచేయి చాపి అందులో పాపతో 'ఒ' రాయించుకుంది. చక్కిలిగింతలు పుడుతున్నట్టు చెయ్యి లాక్కుంటే పాప మళ్ళీ పట్టుకుని రాసింది.

నేను అమ్మ ఒడి కోసం నా జ్ఞాపకాల్లో వెతుక్కున్నాను. ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కళ్ళు మూసుకున్న అమ్మ కనిపించింది. ఆమె ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు ఉండేది. నేను వెళ్ళి ఆ బ్యాగు మీద తల పెట్టేదాన్ని. లోపలి టిఫిన్ డబ్బా చెంపకు గట్టిగా తగిలేది.

మధ్యాహ్నం పాప నిద్రపోయింది. అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర బఠాణీలు ఒలుస్తోంది. నేను లాప్‌టాప్ మూసి ఎదురుగా కూర్చుని ఒక కాయ తీసుకున్నాను. మెల్లగా అడగాలనుకున్నాను. మాట పదునుగానే వచ్చింది.

"నాకెందుకు నేర్పలేదు?"

"ఏంటి?"

"ఇదంతా. అటుకులు, ఆకులు, ఈలలు. నాకు ఒక్క అక్షరమైనా నేర్పావా?"

"టైమేదే తల్లీ? బస్సు దిగొచ్చి స్టవ్ వెలిగిస్తే మళ్ళీ పడుకునేదాకా పనే."

"ఆదివారాలు?"

"ఆదివారాలు బట్టలు."

"అది కాదమ్మా" అన్నాను.

అమ్మ చేతులు ఆగాయి. కాసేపు ఒలిచిన గింజల్ని వేళ్ళతో అటూ ఇటూ తోసింది.

"అది కాదులే" అంది చివరికి. "మన కింది ఫ్లాట్ ఆంటీ గుర్తుందా?"

గుర్తుంది. బడి నుంచి వచ్చాక అమ్మ వచ్చేదాకా నేనుండేది ఆ పంజాబీ ఆంటీ ఇంట్లోనే.

"ఒకరోజు నిన్ను తీసుకెళ్దామని వస్తే, నువ్వు వాళ్ళ వంటింట్లో నేల మీద కూచుని ఉన్నావు. ఆవిడ ఒలిచిన బఠాణీలు పేర్చి, 'అనార్' అని దానిమ్మ పేరు హిందీలో రాసి నాకు చూపించావు. అప్పటికి అక్షరాలన్నీ వచ్చేశాయి నీకు. పగలు ఆవిడ కూరగాయలతో, గాజు ముక్కల్తో, దేంతో పడితే దాంతో నేర్పించేసింది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. సంతోషమనుకుని ఆవిడ నన్ను కావలించుకుంది."

"సంతోషం కాదా?"

"కుళ్ళు" అంది అమ్మ. "నా పిల్లకి అన్నం పెట్టి, కడుపులో పెట్టుకుని చూసుకునే మనిషి మీద కుళ్ళు. సిగ్గేసింది. అయినా ఆగలేదు. ఆ ఆదివారం నేనూ పలక కొనుక్కొచ్చి 'అ' రాశాను. నువ్వు చూసి, 'ఇది అ కాదు, ఆంటీకి వచ్చు, నీకు రాదమ్మా' అన్నావు. పలక తీసుకెళ్ళి అటక మీద పడేశాను."

బఠాణీల పచ్చివాసన, కాళ్ళకు చల్లగా తగిలిన మొజాయిక్ నేల, "షాబాష్ పుత్తర్" అన్న గొంతు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అక్షరాలు ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే 'స్కూల్లో' అని చెప్పేదాన్ని ఇన్నాళ్ళూ. అయినా నా మనసు వెంటనే కరగలేదు.

"పిల్ల ఏదో అంటే మానేస్తావా?"

"నాకప్పుడు ఇరవై ఏడే. పిల్లల మాట పట్టించుకోకూడదని నాకెవరు చెప్పారు?" అంది అమ్మ. మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది.

"అయితే ఇప్పుడు నేర్పు."

"ఇప్పుడా? నీకు ఫోన్‌లో బోలెడు వీడియోలుంటాయి కదే."

"వీడియోలు నాకొద్దు."

అమ్మ నా మొహంలోకి చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. "సరే, రేపు పాపతో పాటు కూచో" అంది.

మర్నాడు లంచ్ టైములో వెళ్ళి కూర్చున్నాను. ఓడ చేయడానికి కాగితాలు ముందరున్నాయి. నేను ఒక కాగితం అందుకునేసరికి పాప దాన్ని లాక్కుంది.

"యే మేరీ క్లాస్ హై. నాది!"

"మీ అమ్మ కూడా నేర్చుకుంటుందిరా కన్నా" అంది అమ్మ.

"నహీ! మమ్మా, ఆప్ ఆఫీస్ కరో." పాప రెండు చేతులతో నా భుజాన్ని తోసింది. తర్వాత వెళ్ళి అమ్మమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు గట్టిగా పట్టుకుంది. అమ్మ నిస్సహాయంగా నా వైపు చూసింది. ఆ చూపులో కొంచెం గర్వం కూడా ఉంది. నేను లేచి వచ్చేశాను. మా ఇంట్లో కుళ్ళుకునేది నేనొక్కదాన్నే కాదని ఆ పూట అర్థమైంది. అది కొంత ఊరటే.

ఏప్రిల్‌లో పాపను నర్సరీలో వేశాం. స్కూల్లోనే సాయంత్రం దాకా ఉంచుకునే ఏర్పాటు ఉంది. అమ్మ సంచీ సర్దుకుని మయూర్ విహార్ వెళ్ళిపోయింది. పాప రెండు రోజులు ఏడ్చి, మూడో రోజుకు కొత్త స్నేహితురాలి కబుర్లలో పడింది.

నేను ఆ శనివారం పాపను మా ఆయనకు అప్పగించి, బ్లూ లైన్ మెట్రో ఎక్కాను. ఒక్కదాన్నే వస్తున్నానని అమ్మకు చెప్పలేదు. తలుపు తీసి అమ్మ నా వెనక్కి, మెట్ల వైపు చూసింది.

"పాప ఏదే?"

"రాలేదు. నేనే వచ్చాను, నేర్చుకోవడానికి."

అమ్మ మొహంలో వెలుగు కాస్త తగ్గడం చూశాను. చూసినందుకు నొచ్చుకున్నాను. తర్వాత ఆమె, "చెప్పులు విప్పి రా. అన్నం తిన్నాక మొదలెడదాం" అంది.

నాకు అటుకుల్లేవు, ఇసుక లేదు. "పెద్దదానివి, పెన్ను పట్టుకో" అంది. 'అ' రాశాను. "గుండ్రంగా తిప్పవే. పైన ఆ గీతేంటి?" అని కసిరింది. చూసుకుంటే, నాకు తెలియకుండానే అక్షరం నెత్తిన హిందీలోలా అడ్డగీత గీశాను. రెండోసారీ గీశాను. మూడోసారి అమ్మ లేచి నా కుర్చీ వెనక్కి వచ్చి, నా చేతి మీద తన చెయ్యి వేసింది. ఆమె అరచేయి గరుగ్గా, వెచ్చగా ఉంది. పసుపు వాసన వచ్చింది. ఇద్దరం కలిసి పేజీ కింది దాకా దిద్దాం. నాకు సగం పేజీకే చెయ్యి తిరిగింది గానీ ఆ మాట అమ్మకు చెప్పలేదు. ఆమె పట్టుకున్నంతసేపూ పట్టుకోనిచ్చాను.

సాయంత్రం బయల్దేరుతుంటే డబ్బాలో పెసరట్లు పెట్టి ఇచ్చింది. "వచ్చే శనివారం ఇ, ఈ చేద్దాం. పాపని కూడా తీసుకురా, చూడాలనుంది" అంది.

"చూద్దాం" అన్నాను.

ఆ వచ్చే శనివారం కూడా నేనొక్కదాన్నే వెళ్ళాను. పాపకు స్విమ్మింగ్ క్లాసుందని చెప్పాను. అమ్మ ఇంకేమీ అడక్కుండా కుర్చీ లాగి, నా పక్కన కూర్చుంది.