ముఖం లేని నలభై ఫోటోలు

ఎమ్మిగనూరుకు రెండోసారి వెళ్లింది ఒక నేతగాడికి అతని ఫోటోలు ఇవ్వడానికి. ఉద్యోగ విరమణ తరువాత ఒక గొప్ప ఫోటోగ్రాఫర్ పుస్తకం ముందు పెట్టుకుని, ఆయన తీసినట్టే తీయడం నేర్చుకుంటున్నాను. ఆయన పనివాళ్ల ముఖాలు తీయరు, చేతులే తీస్తారు. కిందటి ఏడాది ఆ నేతగాడి మగ్గం పక్కన కూర్చుని నేనూ అలాగే నలభై ఫోటోలు తీశాను.

మా కాకినాడ నుంచి రెండు రైళ్లు మారి ఆదోనిలో దిగి, బస్సెక్కి చేరేసరికి మగ్గం ఖాళీగా ఉంది. అతను పోయి మూడు నెలలైందని భార్య చెప్పింది. కవరు ఇవ్వగానే చేతులు కొంగుకు తుడుచుకుని ఫోటోలు ఒక్కొక్కటే తిప్పింది. మళ్లీ మొదటి నుంచి తిప్పింది.

"మొగం యాడుందప్పా?"

చేతులు మాత్రమే తీశానని చెప్పాను.

"పటం కట్టిచ్చేకి ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఆధార్ కార్డులో సూస్తే ఆయప్పో, ఇంకెవరో తెలీదు. నువ్వు శానా తీసినావని సెప్పినాడు. నువ్వొస్తావనే సూస్తాంటి." ఫోటోలు మళ్లీ కవరులో పెడుతూ మెల్లగా అడిగింది. "సేతులకు దండ ఎట్లేసేదప్పా?"

అయినా తినకుండా పోవద్దని ఉగ్గాని పెట్టింది.

తిరుగు బస్సులో అతని ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. కిందటి ఏటి డైరీ తీశాను. ప్రతి ఫోటోకూ వేళ, వెలుతురు, దూరం వరుసగా రాసి ఉన్నాయి. చివర ఇంకో రెండు వాక్యాలున్నాయి.

"మనిషి మంచివాడే, కానీ మాటిమాటికీ నవ్వుతూ కెమెరా వైపు చూస్తున్నాడు. చూడొద్దని చెప్పాను."