మిరపతోటలో గరగర

నా చిన్నప్పుడు, మా మిరపచేల ఊళ్ళో, పెద్దవాళ్ళందరి మీదా నాకు ఒళ్ళు మండిపోయిన రోజు ఒకటుంది. తలుచుకుంటే ఇప్పటికీ చిరాకే.

తుఫాను వెళ్ళి మూడో రోజు. కరెంటు లేదు, ఫోన్ తీగలు తెగిపోయాయి. రేపల్లె వైపు చుట్టాలింటికి వెళ్ళిన మా నాన్న బతికున్నాడో లేదో తెలియదు. మా పెదనాన్న సైన్సు మాష్టారు. లైసెన్సు తీసుకుని, దూరం ఊళ్ళవాళ్ళతో మాట్లాడే షార్ట్‌వేవ్ రేడియో సెట్టు ఒకటి పెట్టుకున్నాడు. రేపల్లెలో ఆయన స్నేహితుడికీ అలాంటిదే ఉంది. నాన్న కబురు కనుక్కుని పొద్దున పదింటికి చెబుతానని ముందురోజు సాయంత్రం ఆ స్నేహితుడు సెట్టులోనే మాటిచ్చాడు. తీరా తొమ్మిదిన్నరకు ట్రాక్టరు బ్యాటరీ తగిలించి కూర్చుంటే సెట్టు నిండా గరగర. అందులో ఏ గొంతు వినపడుతుంది?

వసారా నిండా జనం, తలో సలహా. సౌండు పెంచమన్నారు, గరగరే పెరిగింది. ఏరియల్ వైరు ఇంకా పైకి కట్టమన్నారు, అదీ అయింది. తోటలో మందు కొట్టే కూలీని వదిలి వచ్చిన మా బాబాయిది అందరికంటే పెద్ద గొంతు. "నీ డబ్బా పాడైపోయింది అన్నయ్యా, అవతల పడెయ్!" అంటాడు. మా అమ్మ మొహం చూసైనా ఊరుకోడే!

పెదనాన్న సెట్టు ముందు నుంచి లేచాడు. చిన్న ట్రాన్సిస్టరు నా చేతికిచ్చి, స్టేషను లేని చోట ముల్లు పెట్టి, గరగర ఎటు ఎక్కువైతే అటు నడవమన్నాడు. పెరటి గుమ్మం దాటేసరికి పెరిగింది. మిరపతోట గట్టెక్కేసరికి చెవులు చిల్లులు పడ్డాయి. ఎదురుగా బాబాయి పెట్రోలు స్ప్రేయరు! ఆ మోత మాకు ఎంత అలవాటంటే, నడుస్తోందన్న సంగతే ఎవరికీ పట్టలేదు. దాని ఇంజను ప్లగ్గులో మెరిసే ప్రతి నిప్పురవ్వా సెట్టులో గరగరలాడుతుందని పెదనాన్న తర్వాత చెప్పాడు.

కూలీ, బాబాయి చెప్పందే ఆపనన్నాడు. పరుగున వచ్చి చెబితే బాబాయి వాదనకు దిగాడు. "తోటలో ఇంజనుకీ ఇంట్లో డబ్బాకీ సంబంధమేంటే?" పది కావస్తోంది. కాళ్ళు నేలకేసి కొడుతూ ఏడ్చాను. చివరికి గొణుక్కుంటూ వెళ్ళి ఆపించాడు.

గరగర తగ్గింది. సన్నగా, దూరంగా ఒక గొంతు. నేను ఊరుకోవచ్చుగా! "చూశారా, బాబాయిదే తప్పు, నే చెబితే విన్నాడా" అని అందుకున్నాను. పెదనాన్న నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"ఇక నువ్వూ ఆగమ్మా" అన్నాడు.

ఆగాను. "మీ తమ్ముడు క్షేమం. కాలికి దెబ్బ తగిలింది, భయం లేదు" అంది ఆ గొంతు. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో టీవీ మోత, ఫోన్ల మోత. నా మాట ఎవరికీ పట్టదని రోజూ విసుక్కుంటాను. గొంతు పెంచబోతూ ఆ వసారా గుర్తొచ్చి ఆగుతాను. చాలాసార్లు, అప్పటికే నాకెవరో ఏదో చెబుతూ ఉంటారు.