నా మొహంతో నడుస్తున్న వెబినార్

మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది. పొడులు ఆడించే గిర్ని కొనేవాడు తన సరుకు తానే తెచ్చుకోవాలి. మిరపకాయలైతే మిరపకాయలు, ధనియాలైతే ధనియాలు. అతని కళ్ల ముందే మేం ఆడించాలి. వచ్చిన పొడిలో అతను చేయి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే. అరచేయి చురుక్కుమంటే ఆ మర సరుకు వాసనను చంపేస్తోందన్నమాట. ఆ తర్వాతే బేరం. నాచారంలో షెడ్డు వేసిన నాటి నుంచి మసాలా గిర్నీలు ఇట్లాగే తయారు చేసి ఇట్లాగే అమ్మాను.

నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. మోటారు డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చాను, తర్వాత చేతికి దొరికిందల్లా చదివాను. అందుకే ఎవరైనా "ఈ కాలం పద్ధతి నీకు తెలియదులే" అంటే ఒళ్లు మండుతుంది. తెలుసుకోవడానికే గదా ఇన్నేళ్లు కళ్లు పాడు చేసుకున్నది!

వెబినార్ పెడదామని మా అబ్బాయి అన్నప్పుడు నేను అడ్డు చెప్పలేదు. ఆ మాట ముందే రాసి పెడుతున్నాను. షెడ్డుకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఫోనులో బొమ్మ చూసి, ఊరూ పేరూ తెలియనివాళ్ల దగ్గర మరలు తెప్పించుకుంటున్నారు. "ఆళ్లు మన తానకు రాకపోతే మనమే ఆళ్ల ఫోన్లల్లకు పోదాం నాయినా" అన్నాడు. ఒక ఆదివారం పొద్దున ఫోను స్టాండుకు బిగించి నన్ను గిర్ని పక్కన నిలబెట్టాడు. ఎక్కడెక్కడివాళ్లో చూస్తూ ప్రశ్నలు రాశారు. వాడు చదివాడు, నేను చెప్పాను. "తడి మిర్చి ఏస్తే ఏమైతది పెద్దాయనా?" అని ఒకాయన అడిగాడు. "కొత్తల్లుడు అలిగినట్టు అలుగుతది. ఎంత బతిమిలాడినా కదలది" అన్నాను. తెర నిండా నవ్వే బొమ్మలు వచ్చాయి. నాకూ సంబరమే అయింది. ఆదిలాబాద్ అవతలి నుంచి నాచారం దాకా రాలేని మనిషి, పొడిలో చేయి పెట్టలేకపోయినా నోరు తెరిచి అడగగలడు. అంతకంటే ఏం కావాలి?

చెడిందంతా ఆ తర్వాత. ఉప్పల్ మెట్రో దగ్గర ఇట్లాంటి ప్రచారాలు నడిపే ఒకాయన ఉన్నాడు. మా అబ్బాయి సలహా కోసం ఆయన దగ్గరికి పోయాడు. మళ్లీ నన్ను కెమెరా ముందుకు పిలవలేదు. "నీకెందుకు తిప్పలు" అన్నాడు. మానేశారు కాబోలు అనుకున్నాను.

ఇంకో ఆదివారం, నాచారం చౌరస్తాలో బండి దగ్గర ఇడ్లీ తింటున్నాను. ఫోను మోగింది. మేడిపల్లి నుంచి ఒకామె. ఆమె అన్న ఎప్పుడో మా గిర్ని కొన్నాడు, అట్లా నా నంబరు ఆ ఇంట్లో ఉంది. ప్యాకింగ్ కంపెనీలో పని మానేసి, ఇంటి ముందు గదిలో పసుపు ఆడించి అమ్ముకోవాలని ఆమె ఆలోచన.

"కాకా, నువ్వు నాతోని ఫోన్ల మాట్లాడుతున్నవా?"

"మాట్లాడుతున్న గద బిడ్డా."

"మరి ఈ వెబినార్ల మిర్చి పోసుకుంట నవ్వుతున్నదెవరు? నీ తమ్ముడా? పైన ఎర్రగ లైవ్ అని రాసున్నది."

ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టాను. ఆ రోజు తీసినదాన్నే మళ్లీ మళ్లీ ఆడిస్తున్నారు! ఆమె ఇంకా చెబుతోంది: "పసుపు కొమ్ములు సీదా ఏస్తే ఆడుతదా అని రాసిన కాకా. 'ఆడుతుంది మేడమ్, బెంగ వద్దు' అని నీ పేరు మీద జవాబొచ్చింది. బుక్ జేసేటందుకే కూసున్న. ఎందుకైన మంచిదని ఒక్కపారి నిన్ను అడుగుతున్న."

పసుపు కొమ్మంటే రాయితో సమానం. ముందు దంచి ముక్కలు చేసి, ఆ తర్వాతే మా చిన్న గిర్నిలో పోయాలి. అట్లాగే పోస్తే లోపలి రెక్కలు వంగుతాయి, మోటారు కాలుతుంది. నేను నిద్రలో కూడా ఆడుతుందని అనను.

"బుక్ జెయ్యకు. ఆ లింకు నాకు పంపు" అన్నాను.

తెరిచి చూస్తే నేనే. అదే చొక్కా, అదే అల్లుడి ముచ్చట. కింద ప్రశ్నలు రాసే చోట టైపు చేశాను: "పసుపు కొమ్ములు ఈ మరలో వేయకండి. చెబుతున్నది నేను, ఈ మర చేసినవాణ్ణి." ఆ మాట అట్లా కనబడి ఇట్లా మాయమైంది. మరుక్షణం నన్ను తీసేసినట్టు ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది. నా షెడ్డు, నా మర, నా మొహం. నన్నే గెంటేశారు!

షెడ్డుకు పోయి అబ్బాయిని నిలదీశాను.

"లైవ్ అని ఎందుకు రాసిన్రురా?"

"లైవ్ అంటెనే జనం ఆగుతరు నాయినా. పాతది అంటే ఎవడు సూస్తడు? అందరు గిట్లనే నడిపిస్తున్నరు."

"కొమ్ములు ఆడుతయని ఎవడు జెప్పిండు?"

"ఉప్పల్ ఆఫీసుల పిల్ల రాసి ఉంటది. ఆమెకేం ఎరుక? పసుపు అంటే డబ్బల పొడే సూసి ఉంటది."

మధ్యాహ్నం మేడిపల్లి ఆమె సంచిలో కొమ్ములు తీసుకుని వచ్చింది. ఆనవాయితీ ప్రకారం నేనే రమ్మన్నాను. ఆమె కళ్లారా చూడాలని నాలుగు కొమ్ములు దంచకుండానే పోశానో లేదో మర రాళ్లు నమిలినట్టు అరిచింది. మా అబ్బాయి చెవులు మూసుకున్నాడు. ఆపి, వచ్చిన కాస్త పొడి ఆమె చేతిలో పోస్తే చురుక్కుమని దులిపేసింది. మిగతావి దంచి, ముక్కలు చేసి ఆడించాను. ఈసారి పొడి పిడికిట్లో పట్టుకుని చాలాసేపు వాసన చూసింది.

"మంచిగున్నది కాకా. దంచుకొని ఏసుకుంట, అదేం కష్టంగాదు. గని రేపు మర ఆగిపోతే ఫోన్ జేస్త గద. అప్పుడు మాట్లాడేది నువ్వేనని నాకెట్ల తెలువాలె?"

"నేనున్న గదక్కా" అన్నాడు మా అబ్బాయి.

ఆమె వాడి వైపు ఒకసారి చూసింది. సంచి మూతి ముడేసింది. "మా అన్నను అడిగి చెప్త" అని ఆటో ఎక్కింది. ఆ మాటకు అర్థమేమిటో అమ్మేవాళ్లందరికీ తెలుసు. ఆమె ఎక్కడ కొంటుందో, మర ఆగితే ఫోనులో మాట్లాడే అసలు మనిషి అక్కడైనా ఉంటాడో లేడో.

వాడికీ బాధ కలిగింది, లేదనను. జవాబులు సరి చేయిస్తానన్నాడు. "నా బొమ్మ తీసెయ్యిరా" అన్నాను. "నీ బొమ్మ తీసేస్తే ఎవడు నమ్ముతడు నాయినా?" అన్నాడు.  

ఇప్పుడు ఆదివారం పొద్దున అది నడిచే వేళకు షెడ్డులో ఫోను పట్టుకుని కూర్చుంటున్నాను. అనుమానం వచ్చినవాళ్లు ఎవరైనా చేస్తారేమోనని. తెర మీద నా నంబరు వేయమని చెప్పాను. ఉప్పల్ ఆయన ఒప్పుకోలేదట.