ఐదు కుండల మీద బాపు ముఖం

శనివారం మధ్యాహ్నం మా బడిలో ఆఖరి పీరియడ్ నాది. నలభై మంది పిల్లలు ఒక్కసారిగా స్కెచ్ పెన్నుల మూతలు తీస్తే గదంతా ఒక తియ్యటి, కొంచెం తల తిరిగే వాసన నిండుతుంది. నిజామాబాద్‌లో డ్రాయింగ్ టీచరుగా కుదిరిన నాటినుంచీ ఆ వాసన నాకు అలవాటే. పూలకుండీ గీయమంటే మూతి ముడుచుకునే పిల్లలు, సినిమాలో రాకాసిని గీసుకోండి అంటే బెంచీలెక్కి గంతులేస్తారు. ఇంటి దగ్గర సెల్‌ఫోన్‌లో బొమ్మను కదలకుండా ఆపి, రెండు వేళ్లతో పెద్దది చేసి, పొలుసు పొలుసూ చూసి గీసుకొచ్చిన కాగితాలు నా టేబులు మీద పరుస్తారు. నేను కొమ్ములు సరిచేస్తాను, కోరల కింద నీడ వేస్తాను. "మేడం, కండ్లకు మీరే రంగెయ్యండి" అంటే మాత్రం, మీ రాకాసి కళ్లు మీరే వేసుకోవాలని కాగితం తిరిగి ఇచ్చేస్తాను. పిల్లలు అది పాఠంలో భాగమనుకుంటారు. అది పాఠం కాదు, భయం. నలభై దాటిన మనిషిని, ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

మాది రుద్రూర్‌కూ బోధన్‌కూ నడుమ చెరుకు తోటల్లో మునిగిపోయిన ఒక చిన్న ఊరు. చలికాలం మొదలవుతూనే చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ మొదలయ్యేది, రోడ్డంతా చెరుకు బండ్లు బారులు తీరేవి, ఎడ్ల మెడల్లో గంటల చప్పుడు మధ్య మేం బండ్ల వెనకాల పరుగెత్తి గడలు లాక్కొని, దవడలు నొప్పి పుట్టేదాకా నమిలి, పిప్పిని దారిపొడుగునా ఉమ్ముకుంటూ ఇంటికొచ్చేవాళ్లం. గాలి మా వైపు తిరిగిన రోజున మడ్డి వాసన అన్నంలోకి కూడా వచ్చేది, చిమ్నీ మసి ఆరేసిన బట్టల మీద నల్ల చీమల్లా వాలేది, అమ్మ ఫ్యాక్టరీనీ గాలినీ కలిపి తిట్టేది. బాపు పేరు సామేలు. సీజన్‌లో ఫ్యాక్టరీలో బండ్ల మీది చెరుకు దించేవాడు, మిగిలిన నెలల్లో ఎవరు పిలిస్తే వాళ్ల పొలంలో పని చేసేవాడు. ఆదివారం ఉదయం మాత్రం తెల్లచొక్కా వేసుకొని, మెథడిస్టు చర్చిలో ముందు వరుసలో నిలబడి, రాగం తప్పినా గొంతు తగ్గించకుండా పాడేవాడు.

ఆ చర్చికి ఎదురు వరుసలో ఉన్న ఇల్లు లింగన్న కాకది. కాక పసుపు, వరి పండించే రైతు, బాపు కన్నా చిన్నవాడు, వరసేమీ లేకపోయినా ఇద్దరికీ అన్నదమ్ముల పిలుపు. ఊర్లో మొదటి టీవీ ఆయనింట్లోనే వచ్చింది. పండగలప్పుడు బోధన్ నుంచి వీడియో డబ్బా అద్దెకు తెచ్చి, పట్టపగలే కిటికీలకు గొంగళ్లు కట్టి గది చీకటి చేసి సినిమా వేసేవాళ్లు. మేం కింద ఒకరి ఒళ్లో ఒకరం కూర్చొని, చెమట, వేయించిన పల్లీలు, గొంగడి వెంట్రుకల వాసన పీలుస్తూ చూసేవాళ్లం. అట్లా చూసిందే ఒక డబ్బింగ్ సినిమా. అందులో మూసేసిన గనిలోంచి ఒక రాకాసి లేచి వస్తుంది, దానికి పసుపుపచ్చ కళ్లు. మిగతా పిల్లలు కెవ్వుమని ముఖాలు కప్పుకుంటుంటే నేను మాత్రం రెప్ప వేయకుండా చూశాను. నాకు భయం లేక కాదు, ఇంటికి పోయి గీసుకోవాలన్న ఆత్రం భయం కన్నా పెద్దది.

చిక్కల్లా ఏమిటంటే సినిమాలో బొమ్మ ఆగదు. టీవీలో వచ్చే సైకిలు తొక్కే కప్పను రోజూ చూస్తాం కాబట్టి కళ్లు మూసుకొని గీయగలిగేదాన్ని గానీ, రాకాసి కనబడేది ఒక్కసారే. ఇంటికొచ్చి బొగ్గుముక్క పట్టుకుంటే దవడ ఎట్లుందో, నొసలు ఎట్లుందో ఏదీ గుర్తురాదు. అప్పుడు బాపు లేచేవాడు. పని నుంచి వచ్చి కాళ్లైనా కడుక్కోకుండా అమ్మ చద్దరు భుజాల మీద కప్పుకొని, కింది దవడ ముందుకు నెట్టి, చేతులు వంకర్లు తిప్పి గోడకానుకొని నిలబడేవాడు. "గిట్లనేనా రూతూ? ఇంక జెర కోపం గావాల్నా?" అని పళ్ల సందునుంచి అడిగేవాడు. నేను కావాలంటే ఇంకొంచెం కోపం తెచ్చుకునేవాడు. నా గీత పూర్తయ్యేదాకా ఈగ వాలినా కదిలేవాడు కాదు. చర్చి పాత క్యాలెండరు కాగితాల వెనకవైపంతా నా రాకాసులే, ముందువైపు వాక్యాలు, వెనకవైపు కోరలు. ఎన్ని రకాలుగా గీసినా వాటన్నింటికీ బాపు ఎడమ కంటి రెప్ప కొంచెం వాలే ఉండేది, చెరుకు కొరికి విరిగిన బాపు ముందుపన్ను అట్లాగే ఉండేది. లోకంలో ఏ రాకాసైనా నా చేతిలో పడితే మా బాపే అయ్యేవాడు.

ఒక ఏడు లింగన్న కాక పసుపు చేను చూడముచ్చటగా వచ్చింది. రోడ్డు పక్క చేను, పోయేవాళ్లంతా ఆగి, ఏం ఉందిరా చేను అని నోరు తెరిచి చూసేవాళ్లు. అట్లాంటి చేనుకు దిష్టి కుండ పెట్టడం మా వైపు మామూలే. కుండకు సున్నం పూసి, బొగ్గుతో రెండు కళ్లు, ఒక మూతి గీసి కట్టెకు బోర్లిస్తారు. చూసేవాళ్ల చెడు చూపంతా ముందు దాని మీద పడుతుందని, పంట బతుకుతుందని నమ్మకం. కాక నా బొమ్మలు చూసినవాడే కాబట్టి ఆ ఏడు ఐదు కుండలు పట్టుకొని మా ఇంటికే వచ్చాడు. "గా సినిమాల దయ్యాన్ని గియ్యి బిడ్డా, సూశినోని గుండె జల్లుమనాలె" అన్నాడు. అవ్వ, అంటే బాపు తల్లి, దిష్టి గిష్టి మనకు లేవు, పాదిరి వింటే ఏమంటాడని గొణిగింది. బాపు నవ్వాడు. "దిష్టి లింగన్నది, సినిమా మనదే అవ్వా" అని అప్పటికప్పుడు చద్దరు కప్పుకున్నాడు.

ఐదు కుండలకు ఐదు రకాల ముఖాలు పెట్టి నిలబడ్డాడు బాపు. ఒకటి అరుస్తున్నది, ఒకటి ఏడుస్తున్నది, ఒకటి నాలుక చాచింది, ఒకటి నిద్రలో నుంచి లేచింది, ఒకటి ఊరికే చూస్తున్నది. కళ్ల దగ్గర కాకే సున్నం గీకేసి ఇచ్చాడు, ఎందుకని నేను అడగలేదు. ఆ గుంటల్లో పసుపును తుమ్మబంకతో కలిపి దట్టంగా పూశాను. చేనులో నిలబెట్టాక ఊరంతా ఒకటే నవ్వు. కలుపుకు పోయే ఆడవాళ్లు "సామేలన్నా, సద్ది తిన్నవా?" అని కుండను పలకరించేవాళ్లు. ఎండకు పసుపు వెలిసినప్పుడల్లా కాక పిలిచి మళ్లీ పూయించేవాడు. అంత గొప్ప నా జీవితంలో మళ్లీ ఎప్పుడూ అనుభవించలేదు. రోడ్డు మీద బస్సులో పోయేవాళ్లు కూడా తలలు బయట పెట్టి నా బొమ్మల్ని చూసేవాళ్లు.

దీపావళి దాటాక బాపుకు అన్నం సయించడం మానేసింది. రెండు రోజులు జ్వరమన్నారు, తర్వాత వాంతులు, తర్వాత ఒక పొద్దున ముఖం కడుక్కొని తువ్వాలతో తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు. కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. నేను పూసిన రంగే, అదే పసుపు, వాలిన ఆ ఎడమ కంటి రెప్ప కిందే. కామెర్లని అమ్మ వెంటనే గుర్తుపట్టి పసరు మందు కోసం పరుగెత్తింది. అవ్వ మాత్రం గడప మీద కూలబడి నన్ను చూసింది. "ఊరి కండ్లన్నీ తెచ్చి నా కొడుకు మొకం మీద పెట్టినవ్ గద బిడ్డా" అంది. కోపంగా కూడా అనలేదు. దిష్టి మనకు లేదన్న అవ్వే ఆ మాట అంది. మళ్లీ ఎప్పుడూ అనలేదు, ఆ పూట తానే నాకు అన్నం కలిపి తినిపించింది కూడా. అయినా ఆ మాట నా చెవిలోంచి ఈనాటికీ పోలేదు.

పదకొండేళ్ల బుర్రకు అది లెక్క తప్పని లెక్కలా తోచింది. చెడు చూపు కుండ మీద పడుతుంది, కుండ మీద బాపు ఉన్నాడు, నేనే పెట్టాను. మరి తీసెయ్యడమెట్లా? కుండ పగలగొడదామంటే అది బాపు తల. కట్టె పీకి పడేద్దామంటే బాపును నేల మీద పడేసినట్టే. రెండు రోజులు ఆలోచించి చివరికి కళ్లు కప్పేస్తే చాలనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం, మావాళ్లంతా చర్చిలో బాపు కోసం ప్రార్థనలో ఉండగా, క్రిస్మస్‌కు గోడలకు వేద్దామని నానబెట్టిన సున్నం డబ్బాలో పోసుకొని చేనుకు పోయాను.

మొదటి కుండ ముందు మునికాళ్ల మీద నిలబడి పసుపు కంటి మీద సున్నం పూశాను. అది తెల్లబడలేదు. నా వేలి కిందే ఎర్రబడింది. ముందు గులాబి రంగు, చూస్తుండగానే చిక్కటి నెత్తురు రంగు, అది కంటి గుంటలోంచి కారి బాపు చెంప మీదికి దిగింది. ఏడుస్తున్న ముఖమది. తప్పు చేశానేమోనని రెండో కుండకు పోయి ఇంకా ఎక్కువ పూశాను, అది ఇంకా ఎర్రబడింది. పసుపులో సున్నం కలిస్తే ఎరుపవుతుందని ఊర్లో ఏ పిల్లనడిగినా చెప్పేది, వాళ్ల ఇళ్లలో ప్రతి పేరంటానికీ పారాణి కలుపుతారు. దిష్టి తీసే ఎర్రనీళ్లు కూడా అవేనని హైస్కూల్లో స్నేహితురాలు చెప్పేదాకా నాకు తెలియదు. మా ఇంట్లో పసుపు కూరకు, సున్నం గోడకు. ఆ రెండూ కలిసే పనే లేదు. డబ్బా అక్కడే పడేసి ఇంటిదాకా వెనక్కి చూడకుండా ఉరికాను, అరచేతుల ఎరుపు మట్టితో రుద్దినా పోలేదు.

ఆ తర్వాతి మూడు రోజులు బాపు వాకిట్లో మంచం మీద ఎండకు కూర్చునేవాడు. మనిషి సగమయ్యాడు గానీ నవ్వు పోలేదు. "రూతూ, గిప్పుడు పసుపెందుకే? అసలు కండ్లే వచ్చినయ్. రా, గీసుకో" అని పిలిచాడు. చద్దరు భుజాల మీద ఉండనే ఉంది. దవడ ముందుకు నెట్టి చూపించాడు. నేను వాకిలి చివర చెరుకాకు కుప్ప చాటుకు పారిపోయాను. మర్నాడూ పిలిచాడు, ఆ మర్నాడూ పిలిచాడు. మూడోనాటి గొంతు నాకు బాగా గుర్తుంది, ఆటలా లేదు. నేను మోకాళ్లలో తల పెట్టుకొని చెవులు మూసుకున్నాను. నాలుగో రోజు జీపు మాట్లాడి నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. వారం తిరక్కముందే తిరిగొచ్చాడు, తెల్లగుడ్డ కింద. అప్పటికి ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైంది. పాదిరి వాక్యం చదువుతున్నంతసేపూ చిమ్నీ మసి ఆ తెల్లగుడ్డ మీద రాలుతూనే ఉంది, అమ్మ కొంగుతో దులుపుతూనే ఉంది.

మొన్న ఈస్టర్‌కు బాపు సమాధి శుభ్రం చేయడానికి ఊరికి పోయాను. ఫ్యాక్టరీ చిమ్నీకి పొగ లేక ఏళ్లయింది. బండ్లు లేవు, ఎడ్లు లేవు, చెరుకు తోటలున్న చోట మక్కజొన్న చేన్లున్నాయి. చేనుకు దిష్టి కోసం ఇప్పుడు కుండలు పెట్టడం లేదు, సినిమా హీరోయిన్ల ఫ్లెక్సీలు కట్టెలకు కట్టి నిలబెడుతున్నారు. వాళ్లు ఎండలో వెలిసిపోతూ కూడా నవ్వుతూనే ఉన్నారు. రోడ్డు పక్క పసుపు చేను ప్లాట్లయింది. అక్కడే కల్వర్టు మీద లింగన్న కాక కట్టె పట్టుకొని కూర్చున్నాడు. చూపు ఆనడం లేదు, గొంతును బట్టి గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఏవేవో మాట్లాడుతూ, ఇదేమీ కొత్త సంగతి కాదన్నట్టు చెప్పాడు.

"దవాఖానకు పొయ్యే ముందటి రోజు మీ బాపు గీడికొచ్చిండు బిడ్డా. నడవ శాతగాలే, నా భుజం పట్టుకొని ఒడ్డు మీద కూసున్నడు. కుండల దిష్టి నీకే తగిలిందని ఊర్లె అనుకుంటున్నరే అన్నా, కుండలు తీసేస్త అని నేనన్న. ఒద్దన్నడు. నా బిడ్డ గీసింది, పసుపు తవ్వేదాంక నేనే కావలుంట అన్నడు."

"కుండల కండ్లు చూసిండా కాకా?"

"సూడకేంది. రెండింటికి ఎర్రగ కారినయ్. ఎవల పనో అని నేను తిట్టబోతే నవ్విండు. మా రూతు సున్నం పెట్టినట్టున్నది, నన్ను బాగు జేద్దామనుకున్నది పిచ్చిది, గందుకే నాకు మొకం తప్పిస్తున్నది అన్నడు. ఇంటికి పోయినంక పిలిచి చెప్త, దాని తప్పేం లేదని చెప్త అన్నడు. చెప్పిండు గద?"

చెప్పాడని అన్నాను. ముసలాయనకు ఇంకేం చెప్పను? ఇన్నేళ్లూ బాపు నన్ను బొమ్మకోసమే పిలిచాడనుకున్నాను. రాలేదన్న బాధతో పోయాడనుకున్నాను. మూడోనాటి ఆ గొంతు ఎందుకు ఆటలా లేదో ఇప్పుడు తెలిసింది. ఆకు కుప్పకూ మంచానికీ మధ్య పట్టుమని పది అడుగులు లేవు. నేను చెవులు మూసుకొని ఉన్నాను.